పెండ్లి ఎక్కడ? ముందు పది పేర్లు, తరువాత చోటు

కుటుంబ బలిపీఠము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 24, 29 అధ్యాయములు, రూతు 4:1-12, లూకా 14:12-14, 28-30



మన గోదావరి పల్లెలలో ఒకప్పుడు సంబంధం కుదిరితే "ఎప్పుడు?" అనేదొక్కటే ప్రశ్న. దాళ్వా కోతలు అయి, ధాన్యం డబ్బు చేతికి వచ్చి, బడులకు సెలవులు ఇచ్చాక ఒక తేదీ చూసుకునేవారు. మూడు ఆదివారాలు సంఘములో పెండ్లి ప్రకటన చదివేవారు. ఊరి మందిరములో ఆరాధన, ఇంటి ముందు కొబ్బరాకు పందిరి, బంతి భోజనాలు. "ఎక్కడ?" అని అడిగే అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు ఆ మాటే ముందు వస్తున్నది. 2023 నవంబరు 1న సినీ నటుడు వరుణ్ తేజ్ వివాహము ఇటలీ దేశములోని టస్కనీ ప్రాంతములో జరిగింది. ఆ కొణిదెల వారి సొంత ఊరు మన నరసాపురం దగ్గరి మొగల్తూరే. కనుక ఆ ఫోటోలను మన ఇళ్ళలో పిల్లలు మరింత ఇష్టంగా చూశారు. అదే నెల 26న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తమ "మన్ కీ బాత్" రేడియో ప్రసంగములో, విదేశాలకు వెళ్ళి పెండ్లిళ్ళు చేసుకోవడం అవసరమా అని దేశ ప్రజలను అడిగారు. అంటే ఇది దేశమంతటా పాకిన ఆలోచన అన్నమాట.

అది డబ్బున్నవారి సంగతి, మనకెందుకు అనుకోకండి. మన సంఘములలోకి ఇది రెండు దారుల్లో వచ్చింది. అబ్బాయి ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉంటాడు. అమ్మాయిది మన ఊరు. "మీరు సగం దూరం రండి, మేము సగం దూరం వస్తాము, బాలిలో చేద్దాము" అని కబురు వస్తుంది. ఇది ఒక దారి. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ కువైట్‌లోనో దుబాయిలోనో పని చేస్తుంటారు. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకదు. "ఇక్కడే చేసుకుంటాము, దీవించండి" అంటారు. ఇది రెండవ దారి. ఒకరిది ముచ్చట, ఇంకొకరిది అవసరము. అయినా తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న ఒక్కటే. ఏ చోటు సరియైనది?

దూరపు పెండ్లి తప్పా?

తప్పు కాదు. వాక్యములో దూరపు పెండ్లిళ్ళు ఉన్నాయి. వాటిలో రెంటిని పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది రిబ్కా వివాహము. అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో ఎంతో దూరము ప్రయాణము చేసి ఆమె ఇంటికి వెళ్ళాడు. భోజనము పెట్టినా ముట్టకుండా ముందు తాను ఎవరో, ఎందుకు వచ్చాడో, అబ్బాయి ఎవరో వివరముగా చెప్పాడు. తల్లి, అన్న విన్నారు. చివరకు అమ్మాయిని పిలిచి ఆమె ఇష్టము అడిగారు. ఆమె వెళ్తానన్నది. పెండ్లి జరిగింది కనానులో, పుట్టింటికి ఎంతో దూరములో. కాని ఆమె ఒంటరిగా వెళ్ళలేదు. చిన్ననాటి నుంచి ఆమెను పెంచిన దాది వెంట వెళ్ళింది.

రెండవది యాకోబు వివాహము. అదీ దూరమే. హారానులో జరిగింది. విందు పెద్దదే, ఆ ఊరి మనుష్యులందరూ వచ్చారు. కాని ఆ విందులో యాకోబు వైపు మనిషి ఒక్కడూ లేడు. తండ్రి లేడు, తల్లి లేదు, ఇంటి దాసుడైనా లేడు. తెల్లవారి చూస్తే పక్కన ఉన్నది రాహేలు కాదు, లేయా. మాట ఇచ్చిన మామను నిలదీయడానికి పెద్దమనిషి ఎవరు? ఎవరూ లేరు. ఇంకో ఏడు సంవత్సరాలు కొలువు చేయడమే మిగిలింది.

రెండు పెండ్లిళ్ళకూ దూరము ఇంచుమించు ఒక్కటే. తేడా మైళ్ళలో లేదు, పక్కన ఉన్న మనిషిలో ఉన్నది. రిబ్కాకు ఆమెను ఎరిగిన మనిషి ఉన్నది. యాకోబుకు లేడు. ఈ నెల నేను చెప్పదలచిన మాట ఇదే. పెండ్లికి సరియైన చోటు అంటే, వధూవరులను ఎరిగిన సాక్షులు వచ్చి నిలబడగలిగిన చోటు.

బోయజు పిలిచిన పదిమంది

రూతు గ్రంథములో బోయజు రూతును పెండ్లాడక ముందు ఏమి చేశాడో గమనించండి. ఊరి గుమ్మము దగ్గర కూర్చుని, ఊరి పెద్దలలో పదిమందిని పిలిచి కూర్చోబెట్టాడు. అందరి ముందు మాట తేల్చుకున్నాడు. "మేము సాక్షులము" అన్న అర్థము వచ్చేలా వారు పలికి, ఆ ఇంటిని దీవించారు. రూతు పరదేశి, విధవరాలు, బీదరాలు. రేపు ఆమెను ఎవరైనా కాదనకుండా ఆ పదిమంది ఆమెకు కోటగా నిలిచారు. సాక్షులు పెండ్లికి అలంకారము కాదు, బలహీనురాలైన మనిషికి కాపుదల.

కనుక బ్రోచర్లు చూడకముందు, టికెట్లు లెక్క వేయకముందు, ఇంట్లో ఒక కాగితము తీసుకుని పది పేర్లు వ్రాయండి. ఐదు అమ్మాయి వైపు, ఐదు అబ్బాయి వైపు. ఈ పదిమంది లేకపోతే పెండ్లి పెండ్లిలా ఉండదు అనుకునేవారి పేర్లే వ్రాయాలి. అప్పుడు ఒక్కొక్క పేరు పక్కన మూడు సంగతులు వ్రాయండి. పాస్‌పోర్టు ఉన్నదా? ఆరోగ్యము ప్రయాణానికి ఆగుతుందా? సెలవు ఎవరి చేతిలో ఉన్నది? చాలా ఇళ్ళలో ఈ కాగితమే చోటును నిర్ణయిస్తుంది.

మన ప్రాంతములోని ఒక ఇంటి సంగతి చెబుతాను. తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. కూతురిని అమ్మమ్మ పెంచింది, బడికి పంపింది, ఆదివారబడికి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది. కూతురు చదువుకుని ఉద్యోగస్థురాలైంది. ఆస్ట్రేలియా సంబంధము కుదిరింది. మంచి విశ్వాస కుటుంబమే. పెండ్లి బాలిలో అనుకున్నారు. అమ్మమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పట్టేశాయి, షుగరు ఉన్నది, పాస్‌పోర్టు లేదు. "ఫోన్లో లైవు పెడతాములే అమ్మమ్మా" అన్నారు. ఆమె ఎవరితోనూ గొడవ పడలేదు. నేను ప్రార్థనకు వెళ్ళినప్పుడు మాత్రము ఒక మాట అన్నది.

"ఇన్నేళ్ళూ దాని తల్లిని ఫోన్లోనే చూసుకున్నామండి అయ్యగారూ. ఇప్పుడు దీని పెండ్లి కూడా ఫోన్లోనేనాండీ?"

ఆ మాట నేను అబ్బాయి తండ్రిగారికి చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ కూడా రాలేదండీ, ఆ సంగతి మేము ఇంట్లో ఎత్తడమే మానేశాము" అన్నారు. పది పేర్లు వ్రాస్తే నలుగురు సముద్రము దాటలేనివారు తేలారు. ఆ నలుగురూ పిల్లలిద్దరినీ పెంచినవారే. పెండ్లి జనవరిలో ఊరి మందిరములోనే జరిగింది. తల్లి నెల రోజుల సెలవు మీద వచ్చింది. స్నేహితులకు విందు ఆస్ట్రేలియాలో తరువాత ఇచ్చుకున్నారు. ఎవరి ముచ్చటా పోలేదు.

లైసెన్సు ఎక్కడి వరకు?

"మన పాస్టరుగారిని కూడా టికెట్టు కొని తీసుకువెళ్తాము, ఆయనే పెండ్లి చేస్తారు" అని కొందరు అంటారు. ప్రేమతో అన్న మాటే. కాని చట్టము సంగతి తెలుసుకోవాలి.

మన దేశములో క్రైస్తవ వివాహములు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము జరుగుతాయి. ఆ చట్టము క్రింద సంఘ కాపరికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వము, అదీ తన పాలనలో ఉన్న ప్రాంతము వరకే. ఆంధ్రప్రదేశ్ లైసెన్సు సముద్రము దాటదు. సముద్రము దాకా ఎందుకు? కాకినాడ పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలోనిది. పడవ రేవుకు అవతల ఉన్న బంధువుల ఇంట్లో పెండ్లి చేయాలన్నా ఈ సంగతి చూసుకోవలసిందే. గోవాలో పోర్చుగీసువారి కాలము నాటి పౌర చట్టము ఇప్పటికీ నడుస్తున్నది, అక్కడి నమోదు పద్ధతి వేరు. బిషప్పుగారి చేత అభిషేకము పొందిన గురువులకు ఈ చట్టములో వేరే ఏర్పాటు ఉన్నది. కనుక మీ కాపరిని ముందే అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఇంకొక సంగతి. ఈ చట్టము ప్రకారము పెండ్లి ఉదయము 6 గంటలకు, సాయంత్రము 7 గంటలకు మధ్యనే జరగాలి. కొన్ని సంఘముల గురువులకు మాత్రమే దీనిలో మినహాయింపు. గురువు కాక కనీసము ఇద్దరు సాక్షులు ఉండాలి. వరునికి 21, వధువుకు 18 సంవత్సరములు నిండాలి. రాత్రి దీపాల వెలుగులో పెండ్లి ఫోటోలు బాగుంటాయని గంటలు జరుపుకుంటూ పోయేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

విదేశములో పెండ్లి అయితే రెండు మార్గాలు. మొదటిది, ఆ దేశపు చట్టము ప్రకారము చేసుకోవడము. రెండవది, 1969 నాటి విదేశీ వివాహ చట్టము ప్రకారము మన రాయబార కార్యాలయములోని వివాహాధికారి ముందు చేసుకోవడము. దీనికి ఇద్దరిలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. నోటీసు ఇవ్వడానికి ముందు ఇద్దరిలో ఒకరు ఆ దేశములో కనీసము 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరముల కోసము మరో 30 రోజులు. ముగ్గురు సాక్షులు కావాలి. అంటే నాలుగు రోజుల విహారానికి వెళ్ళి ఈ దారిలో పెండ్లి చేసుకోవడము కుదరదు. అక్కడ ఉద్యోగము చేసుకుంటున్నవారికే ఇది పనికివచ్చే దారి. అన్ని కార్యాలయాలలో పద్ధతి ఒకలా ఉండదు కనుక ముందే వ్రాసి అడగాలి.

నేటాలు నేర్పిన పాఠము

ఈ కాగితాల గొడవ ఇంత అవసరమా అనేవారికి మన తెలుగువారి చరిత్రలోని ఒక సంగతి చెప్పాలి. 1860 నుంచి దక్షిణ ఆఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు మద్రాసు రేవు మీదుగా కూలీలు వెళ్ళారు. వారిలో తెలుగువారు ఎందరో. వారి ఆత్మీయ అవసరాల కోసము 1903లో తెలుగు బాప్టిస్టులు నెల్లూరు ప్రాంతము నుంచి జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపారు. తెలుగు సంఘము పంపిన తొలి విదేశీ మిషనరీలలో ఆయన ముఖ్యుడు.

అక్కడ 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చారు. క్రైస్తవ పద్ధతిలో జరగని, ఆ దేశములో నమోదు కాని వివాహములను గుర్తించడము కుదరదన్నారు. ఒక్క రోజులో వేలాది హిందూ, ముస్లిం భార్యల స్థితి ప్రశ్నార్థకమైంది. పెండ్లి నిజమే, సాక్షులు నిజమే, బిడ్డలు నిజమే. కాని ఉన్న దేశపు చట్టము ముందు భార్య అన్న పేరు లేదు. ఆ అవమానమే గాంధీగారి సత్యాగ్రహములోనికి స్త్రీలను దింపింది. 1914లో చట్టము చేసి ఆ వివాహములను గుర్తించవలసి వచ్చింది.

ఆ తీర్పు వలన క్రైస్తవ వివాహములకు దెబ్బ తగలలేదు. కాని దానిలోని పాఠము మనకూ వర్తిస్తుంది. ఒడ్డు మారితే చట్టము మారుతుంది. చట్టము మారితే మొదట నష్టపోయేది భార్య.

గల్ఫులో ఉన్న పిల్లలకు

పిల్లలిద్దరూ గల్ఫులోనే పని చేస్తూ, అక్కడే ఒక తెలుగు సంఘములో ఆరాధించుకుంటూ ఉంటే, వారిని ఎరిగిన సాక్షులు అక్కడే ఉన్నారు. అలాంటప్పుడు అక్కడ పెండ్లి చేసుకోవడము సరియైనదే కావచ్చు. కాని గల్ఫు అంతా ఒక్కటి కాదు.

కువైట్ నగరములో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణములో తెలుగుతో సహా ఎన్నో భాషల సంఘములు కూడుకుంటాయి. దుబాయిలో హోలీ ట్రినిటీ చర్చి ఆవరణము అలాంటిదే. బహ్రెయిన్‌లో అమెరికా మిషనువారి కాలము నుంచి సంఘము ఉన్నది. ఖతరు దేశములో చర్చిల ఆవరణము 2008లో ప్రారంభమైంది. సౌదీ అరేబియాలో మాత్రము బహిరంగ ఆరాధనకు చర్చి భవనములు లేవు. అక్కడ పని చేసే బిడ్డలు ఇంటికి వచ్చి పెండ్లి చేసుకోవడమే మేలు. అబూధాబీలో 2021లో ముస్లిమేతరుల కోసము పౌర వివాహ చట్టము చేశారు. 2023 ఫిబ్రవరి నుంచి అలాంటి చట్టము ఎమిరేట్లన్నిటికీ వచ్చింది.

చర్చిలో ఆరాధన జరిగితే సరిపోతుందా, ప్రభుత్వ నమోదు వేరుగా చేయాలా అన్నది ఆ దేశములోని సంఘ కార్యాలయమునే అడగాలి. ఇక్కడి నుంచి "పెండ్లి కాలేదు" అని చూపే ధృవపత్రము అడుగుతారు. దానికి రాష్ట్ర ప్రభుత్వ ధృవీకరణ, విదేశీ వ్యవహారాల శాఖ ధృవీకరణ, ఆ దేశపు రాయబార కార్యాలయ ముద్ర కావలసి రావచ్చు. ఇవన్నీ ఒక వారములో తేలే పనులు కావు. ఇంటి పని వీసా మీద ఉన్న అమ్మాయిలు మరింత జాగ్రత్తగా ఉండాలి. వారి సెలవు, వారి బస యజమాని చేతిలో ఉంటాయి. యజమానికి తెలియకుండా పెండ్లి చేసుకుని చిక్కుల్లో పడవద్దు.

బాలి, థాయిలాండ్, శ్రీలంక

విహార ప్రాంతములను కోరుకునేవారు రెండు సంగతులు చూడాలి. చట్టము ఒకటి, వాన రెండు.

బాలి ఇండోనేసియాలోనిది. 1974 నాటి అక్కడి వివాహ చట్టము ప్రకారము మతాచారము ప్రకారము జరిగిన పెండ్లే చెల్లుతుంది, దాని తరువాత ప్రభుత్వ నమోదు జరగాలి. కనుక అక్కడి సంఘ గురువు కావాలి, మన దేశపు కార్యాలయము నుంచి అభ్యంతరము లేదన్న పత్రము కావాలి. థాయిలాండ్‌లో పద్ధతి వేరు. అక్కడ సముద్రపు ఒడ్డున ఎంత ఘనముగా ప్రమాణములు చేసినా చట్టము దృష్టికి అది వేడుకే. జిల్లా కార్యాలయములో నమోదు చేసినదే వివాహము. రాయబార కార్యాలయము ఇచ్చిన పత్రమును థాయి భాషలోనికి తర్జుమా చేయించి ధృవీకరింపజేయాలి. ఏ దేశములో చేసుకున్నా, విదేశీ సర్టిఫికెట్టు మన దగ్గర చెల్లడానికి ధృవీకరణ కావాలి. అపోస్టిల్ అనే ముద్ర ఒప్పందములో మన దేశము 2005లో చేరింది. ఎదుటి దేశము కూడా దానిలో ఉంటే పని సులువు, లేకపోతే ముద్రలు ఎక్కువ.

ఇక వాన. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో తుపాను చూసినవారికి వాతావరణము గురించి ఇంకొకరు చెప్పనక్కరలేదు. మనకు వాన లేని నెల మరో చోట వాన నెల కావచ్చు. బాలిలో నవంబరు నుంచి మార్చి వరకు వానలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి. అంటే మన సంక్రాంతి సెలవులు అక్కడి వానల్లో పడతాయి. థాయిలాండ్‌లో ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు. అదే దేశములో తూర్పు వైపున్న సముయ్ దీవికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు. శ్రీలంకలో నైరుతి తీరానికి మే నుంచి సెప్టెంబరు వరకు ఒక వానకాలము, ఈశాన్య తీరానికి సంవత్సరము చివర మరొక వానకాలము. దేశము పేరు చూసి కాదు, ఆ తీరము పేరు, ఆ నెల పేరు కలిపి చూసుకోవాలి.

ప్రయాణము కూడా లెక్కలో ఉండాలి. మన మధురపూడి నుంచి విదేశాలకు నేరుగా విమానము లేదు. ముందు పెద్ద నగరానికి చేరాలి. ముసలివారికి ఆ మొదటి రాత్రి ప్రయాణమే అలసట. ఇన్సులిన్ వాడేవారికి మందుల చీటీ, భోజన వేళలు చూసుకోవాలి. ఈ కష్టము భరించలేనివారి పేర్లు మీ పదిమందిలో ఎన్ని ఉన్నాయో చూడండి.

అమెరికా, ఆస్ట్రేలియా సంబంధములు

ఇక్కడ చోటు నిర్ణయము వీసాను కూడా నిర్ణయిస్తుంది. అబ్బాయి అమెరికా పౌరుడై, అమ్మాయి కాబోయే భార్యగా కె-1 వీసా మీద వెళ్తే, అక్కడికి చేరిన 90 రోజులలో పెండ్లి జరగాలి. అబ్బాయి హెచ్-1బి ఉద్యోగి అయితే అమ్మాయి భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్ళాలి. అంటే ముందే వివాహ సర్టిఫికెట్టు ఉండాలి. అమెరికాలో పెండ్లికి కౌంటీ కార్యాలయము లైసెన్సు ఇస్తుంది. ఆస్ట్రేలియాలో అనుమతి పొందిన వివాహ నిర్వాహకునికి కనీసము ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలి.

తల్లిదండ్రులారా, ఈ మాట కొంచెము గట్టిగా చెప్పనివ్వండి. అమ్మాయి వైపు మనిషి ఒక్కరూ రాలేని దేశములో, ఎవరూ ఎరుగని ఊరిలో, సర్టిఫికెట్టు ఎవరి చేతిలో ఉన్నదో తెలియని పెండ్లికి బిడ్డను ఒంటరిగా పంపకండి. విదేశీ సంబంధములలో విడిచిపెట్టబడిన భార్యల ఫిర్యాదులు ఎక్కువ కావడము వలననే జాతీయ మహిళా కమిషన్ 2009లో ప్రవాస భారతీయుల వివాహముల కోసము ప్రత్యేక విభాగము తెరిచింది. అబ్బాయి విశ్వాసి అన్నంత మాత్రాన విచారణ మానవద్దు. అక్కడ అతడు ఆరాధించే సంఘపు కాపరితో మన కాపరి మాట్లాడాలి. అతనికి ఇదివరకు పెండ్లి అయినదా అని సూటిగా అడగాలి. లాబాను కూడా యాకోబుకు పరాయివాడు కాడు, సొంత మేనమామ. బంధుత్వము ఉన్నా, సాక్షులు లేని చోట మోసము జరిగింది.

పెండ్లి ఊరిలో జరిగితే 2002 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము నమోదు తప్పనిసరి. సంఘపు రిజిస్టరులో వ్రాసినదానితో ఆగకండి. సర్టిఫికెట్టు నకళ్ళు రెండు తీసి, ఒకటి అమ్మాయి పుట్టింట్లో ఉంచండి. ఇంకొక జాగ్రత్త. విదేశములో చట్టప్రకారము పెండ్లి అయి, మళ్ళీ ఊరిలో మందిరములో చేయాలంటే, దానిని కృతజ్ఞతారాధన, ఆశీర్వాద కూడిక అని పిలవండి. రెండవ పెండ్లిగా రిజిస్టరులో వ్రాయించకండి. ఒక జంటకు రెండు పెండ్లి తేదీలు ఉంటే రేపు వీసా ఆఫీసులో జవాబు చెప్పుకోలేరు.

ఖర్చు ఎవరి నెత్తిన?

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పారు. విదేశీ పెండ్లి గురించి, "తక్కువమంది వస్తారు కనుక ఖర్చు తక్కువ" అంటారు. కొందరి విషయములో అది నిజమే కావచ్చు. కాని లెక్క అక్కడితో అవదు. ఊరిలో వెయ్యిమందికి ఎలాగూ తిరిగి విందు పెడతారు. అప్పుడు ఖర్చు రెండింతలు. ఒక్కొక్క మనిషికి పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, బస, మందులు. వచ్చే బంధువులు తమ టికెట్టు తాము కొనుక్కుంటారని మనము అనుకుంటాము. కౌలు రైతు అయిన మేనమామ ఆ టికెట్టుకు బంగారము కుదువ పెడతాడు. రాలేనని చెప్పడము సిగ్గనుకుని అప్పు చేస్తాడు. ఆ అప్పు మన లెక్కలో కనబడదు, అతని పొలములో కనబడుతుంది.

విందు చేసినప్పుడు తిరిగి పిలువగలిగినవారిని మాత్రమే కాక బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని ప్రభువు నేర్పారు. వీరెవరూ విమానము ఎక్కలేరు. మన మందిరము ముందు పందిరిలో, అరిటాకు ముందు మాత్రము వీరందరికీ చోటున్నది. కానాలో ద్రాక్షారసము అయిపోయినప్పుడు ఆ ఇంటి లోటును ముందుగా గమనించినది ఒక తల్లి. అలాంటి తల్లులు చుట్టూ ఉన్న చోట పెండ్లి లోటు బయటపడక ముందే తీరుతుంది.

ఊరిలో చేస్తేనే పరిశుద్ధమని, విదేశములో చేస్తే లోకసంబంధమని నేను అనడము లేదు. ఊరిలోనే భూమి అమ్మి ఆడంబరము చేసినవారు ఉన్నారు. గల్ఫులో పది కుర్చీల గదిలో భయభక్తులతో ప్రమాణము చేసిన జంటలూ ఉన్నారు. కొలత ఒక్కటే. ఆ పదిమంది అక్కడ నిలబడగలరా?

ఈ నెల ఇంటిలో చేయవలసినది

పెండ్లి వయసు పిల్లలున్న ప్రతి ఇంట, కుటుంబ ప్రార్థన తరువాత పది పేర్ల కాగితము వ్రాయండి. పిల్లలను కూడా వ్రాయనివ్వండి. వారి కాగితములో మీరు ఊహించని పేరు ఉండవచ్చు. చిన్నప్పుడు చదువు చెప్పిన ఆదివారబడి టీచరుగారు కావచ్చు, ఇంట్లో పని చేసిన పెద్దమ్మ కావచ్చు. విదేశములో ఉన్న పిల్లలకు ఫోన్లో ఆ పేర్లు చదివి వినిపించండి. వారి పేర్లు కూడా చెప్పమనండి. దేశము పేరు, హోటలు పేరు, తేదీ ఆ తరువాత మాట్లాడుకోండి. కాగితాలు, నోటీసులు, నమోదు సంగతి మీ కాపరితో కనీసము ఆరు నెలలు ముందుగా మాట్లాడండి.

ప్రార్థన: వివాహమును ఏర్పరచిన తండ్రీ, మా పిల్లల పెండ్లిళ్ళలో నీవే మొదటి సాక్షిగా ఉండుము. దూరములో కష్టపడుచున్న మా బిడ్డలను కాపాడుము. వారిని పెంచిన ముసలివారి కన్నులు ఆ దినమును చూచునట్లు కనికరించుము. మా ఇండ్లలో అప్పును, మోసమును రానీయకుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.